ఎర్రదిబ్బ కింద రెండు తలుపులు

ఎర్రదిబ్బ నెత్తిన మేకలు మేస్తున్నాయి. తమ గిట్టల కింద ఒక మహానగరం పడుకుని ఉందని వాటికేం తెలుసు! ఆ మాటకొస్తే మేఘావతి రాజ్యంలో మనుషులకూ తెలియదు. పేరుకు మేఘావతి గానీ ఆ దేశం మీద మబ్బు తునక నిలిచేది తక్కువ. మబ్బులు లేకపోతేనేం, శోణవేణి నది ఉందిగా అని ధీమాగా బతికారు జనం. ఒకనాడు తెల్లవారి చూస్తే ఆ నదీ లేదు. చేపలు ఇసుకలో కొట్టుకుంటున్నాయి. పడవలు పక్కకు ఒరిగి ఉన్నాయి. దేవతలు అలిగారని కొందరు, గ్రహాలు వక్రించాయని కొందరు అన్నారు. మహారాజు కోటలోని నూతినీళ్ళు పంచిపెట్టి పంచిపెట్టి, ఆ దిగులుతోనే మంచం పట్టి, "నదిని తిరిగి తెచ్చినవాడిదే ఈ సింహాసనం" అని చాటింపు వేయించాడు.

యువరాజు కేయూరవర్మ ఆ చాటింపు ముగియకముందే బయలుదేరాడు. సింహాసనం కోసం కాదు, అది ఎలాగూ అతనిదే. కోట గుమ్మం దగ్గర ఒక తల్లి తన కన్నీరు తుడుచుకున్న వేలిని, నాలుక పిడచగట్టిన బిడ్డ నోట్లో పెట్టడం అతను చూశాడు. ఆ తరువాత కోటలో అతనికి ముద్ద దిగలేదు.

వెంట నాగదత్తుడు కూడా వచ్చాడు. ఇతను యువరాజుకు పాలతమ్ముడు. ఇద్దరూ ఒకే దాది పాలు తాగి పెరిగినవాళ్ళు. ఎండిన ఏటి గర్భమే దారిగా నడిచి, కొండల మధ్య లోయలో ఉన్న ఎర్రదిబ్బ చేరారు. ఏరు ఆ కొండ కడుపులోనే ఎక్కడో ఆగిపోయిందని దారిలో విన్నారు. దిబ్బ మీది జనానికి ఒంటికొమ్ము ఎద్దు గుర్తు కంటపడితే చాలు, రాళ్ళు అందుకుంటారని కూడా విన్నారు. మేఘావతి రాజముద్ర సరిగ్గా అదే! అందుకని కేయూరుడు తన రాజముద్ర ఉంగరం తీసి నాగదత్తుడి తలపాగా మడతలో దాచాడు.

"నీ దగ్గరుంటే నా దగ్గరున్నట్టే కదా తమ్ముడూ."

"అంతకంటే భద్రం అన్నా!" అని నవ్వాడు నాగదత్తుడు.

అలా ఇద్దరూ ఇటుకలు కోసే కూలీల వేషంలో దిబ్బ ఎక్కారు. దిబ్బకు పెద్దదిక్కు ఏటమ్మ అనే ముసలమ్మ. మనిషి ఎండుకట్టె. నోరు పచ్చిమిరపకాయ. కూర్చున్నా నడిచినా తిడుతున్నా ఆమె చేతిలో కదురు తిరుగుతూనే ఉంటుంది. మేకబొచ్చు వడికి తాళ్ళు పేనుతుంది. కదురు కింద బరువుకు ఒక నల్లరాతి బిళ్ళ, మసిపట్టి, జిడ్డోడుతూ ఉంటుంది. మెడలో మాత్రం అందమైన మట్టిచేప వేలాడుతూ ఉంటుంది.

మొదటిరోజే గొడవైంది. ఆమె జొన్నసంకటి పెడితే కేయూరుడు మర్యాదకు "తర్వాత తింటానవ్వా" అన్నాడు. అంతే, కదురుతో మోకాలి చిప్ప మీద టక్కున ఒక్కటి వేసింది!

"ఆ మాట ఈ దిబ్బ మీద అనగూడదబ్బీ! తింటే ఇప్పుడే తిను. లేకుంటే తిననని జెప్పు. నడాన ఆ పాడుమాట ఎందుకు?"

నిజంగానే ఆ దిబ్బ మీద ఎవరూ ఆ మాట అనరు. పిల్లనిస్తావా అంటే ఇస్తాననో, ఇవ్వననో అంటారు. మేకను అమ్మమంటే తాడు విప్పి చేతికిస్తారు, లేదా తల అడ్డంగా ఊపుతారు. మన ఊళ్ళలో ఆ ఒక్క మాట తీసేస్తే సగం సంసారాలు నడవవు కదా! వాళ్ళకు ఎలాగో నడిచిపోతోంది.

ఏరు గుట్టు ఆమెకొక్కతెకే తెలుసని విని, కేయూరుడు ఆ వేసవంతా ముసలమ్మ పంచన ఉన్నాడు. దూరపు చెలమ నుంచి నీళ్ళు మోశాడు. గుంత కూలి మేకపిల్ల లోపల చిక్కుకుంటే తలకిందులుగా దిగి బయటికి తెచ్చాడు. ఆమె తిట్టినా నవ్వాడు. నాగదత్తుడు పనికి బద్ధకించినా పాటలు పాడి, కథలు చెప్పి అందరి కడుపులూ చెక్కలయ్యేలా నవ్వించాడు. నవ్వించేవాడిని ఎవరు అనుమానిస్తారు? చివరకు ఒక ఉదయం ఏటమ్మ కదురు ఆపి, గుట్టు విప్పింది.

"ఈ దిబ్బ కింద మా పెద్దోళ్ళ ఊరుండాదబ్బీ. మేము కింది ఊరు అంటాం. ఏరు కొండ కడుపులోంచి ఆడికే వచ్చేది. ఆడ రెండు రాతితలుపులు. తూర్పుది తీస్తే మా లోయకు నీళ్ళు, పడమటిది తీస్తే పడమటి దేశానికి. తలుపులకు కాపు రెండు ఇండ్లోళ్ళు. చేపముద్రోళ్ళు మేము. ఒంటికొమ్ము ఎద్దోళ్ళు వాళ్ళు. తలుపు మూసేదానికి ఒక్క ముద్ర చాలు. వరదొస్తే రెండోవాని కోసం చూస్తా కూకుంటామా? తెరిచేదానికి మాత్రం రెండు ముద్రలు, రెండు చేతులు, ఒకేతూరి మట్టిలో గుద్దాల."

"మరి ఏమైందవ్వా?"

"కాలవల పూడిక తీయాలని రెండూ మూసినారు. పడమటిది మావోడు మూసె, తూర్పుది ఎద్దాయన మూసె. తెరిచే పొద్దు వచ్చె. 'బావా, ముందు మాది తెరుద్దాం, మీది...' అని ఎద్దాయన ఆ పాడుమాట అనె. మావోడు నమ్మి చెయ్యి కలిపె. ఏరు పడమటికి పాయ. ఎద్దాయన ముద్ర మొలలో దోపుకొని ఏటెంబడే పాయ. మళ్ళా రాలే. మా ఊరు ఎదురు చూసి ఎదురు చూసి చచ్చె."

కేయూరుడు విన్న కథ ఇది కాదు. మేఘావతి ఆస్థానంలో వందిమాగధులు పాడే పాట వేరు. వంశకర్త ఘోరతపస్సు చేసి నదిని దేశానికి తెచ్చాడట! నేను ఆ ఎద్దు ఇంటివాడినేనని అప్పుడే చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు. చెబితే రాళ్ళు పడతాయని భయపడ్డాడు. అంతకంటే, ఆ ముసలి మొహంలో ప్రేమ ఆరిపోతుందని భయపడ్డాడు.

"ఇప్పుడు పడమట కూడా ఎండిపోయిందంట గదా" అంది ఏటమ్మ. "ఎవుడో మూసినాడు. మూసినోని ముద్ర మట్టి మీదనే ఉంటాది. చూడాలంటే రా, ఇప్పుడే."

పాడుబడిన నుయ్యి ఒకటి కింది ఊరికి దారి. ముసలమ్మ పేనిన మేకబొచ్చు తాడే నిచ్చెన. ఆమె దిగబోతుంటే నాగదత్తుడు ముందుకొచ్చాడు. "అవ్వా, మెడలో చేప తాడుకు చిక్కుకుంటే పీక బిగుసుకుంటుంది. ఇటివ్వు, నేను పట్టుకుంటాను."

ఏటమ్మ ఒక్క క్షణం వాడి మొహంలోకి చూసి, చేపను తీసి ఇచ్చింది. కదురును కొప్పులో గుచ్చుకుని మేకలా చరచరా దిగిపోయింది.

ఆహా, ఏమి నగరమది! కేయూరుడు కాగడా ఎత్తి చూశాడు. పైన ఇసుక గట్టిపడి కప్పులా నిలిచింది. దాని కింద తాడు పట్టి గీసినట్టు తిన్నని వీధులు. ఇటుకకు ఇటుక తేడా లేని గోడలు. ఏ ఇటుక తీసినా పొడవులో సగం వెడల్పు, వెడల్పులో సగం మందం. ఇంటింటికీ నుయ్యి, ఇంటింటి నుంచి వీధి తూములోకి కాలువ, తూముల మీద మూతబండలు. ఒక అంగడిలో పగడపు రంగు రాళ్ళు సగం తొలిచి అలాగే ఉన్నాయి, పక్కనే తొలిచే పుల్ల. ఒక గడప మీద మట్టి బొమ్మబండి, చక్రాలు ఊడిపోకుండా నిలిచి ఉంది. దాన్ని లాగిన పిల్ల ఇప్పుడే లోపలికి పోయిందేమో అన్నట్టు ఉంది. మెట్లు మెట్లుగా దిగే పెద్ద స్నానపు కొలను, అడుగున ఎండిన పాచి.

మేఘావతిలో రాజుగారి అంతఃపురానికి కూడా ఇలాంటి తూములు లేవు. ఇంత తెలివైన జనాన్ని తన వంశకర్త ఒక్క మాటతో చంపేశాడు.

పెద్దవీధి చివరకు వచ్చేసరికి కేయూరుడి కాళ్ళు ఆగిపోయాయి. అక్కడ కుండలున్నాయి. వందల కుండలు, ఒకదాని వెనక ఒకటి, నీళ్ళకోసం వరుస కట్టినట్టు. ప్రతి కుండ పక్కనా ఎముకలున్నాయి. కొన్ని చేతులకు శంఖు గాజులు ఇంకా ఉన్నాయి. ఎవరూ వరుస తప్పలేదు. అందరి తలలూ ఒకే వైపు, నీటి తలుపుల వైపు ఉన్నాయి.

కేయూరుడు మోకాళ్ళ మీద కూలబడి వెక్కి వెక్కి ఏడ్చాడు. ఏటమ్మ అతని తల నిమిరింది. "మావోళ్ళ కోసం ఏడ్చిన మొగోన్ని నిన్నే చూస్తిని అబ్బీ" అంది. ఆ మాట అతన్ని కత్తిలా కోసింది.

వరుస చివర నీటిగది ఉంది. కప్పు ఎత్తున, ఒక కంతలోంచి ఎండ పడుతోంది. ఆ కంత మేకలు తప్ప ఎవరూ ఎక్కలేని కొండచరియ మీదికి తెరుచుకుంటుంది. గోడవెంట ఇటుక మెట్లు దానిదాకా పోతాయి. తూర్పున ఒక రాతితలుపు, పడమట ఒక రాతితలుపు. వాటి వెనక కొండ కడుపులో బంధించిన ఏరు గుర్రుగుర్రుమంటోంది. రెండు తలుపుల మీదా దోసెడు మట్టిముద్దలు, ముద్దల మీద ముద్రలు.

తూర్పు ముద్ద రాయిలా బిగుసుకుపోయింది. దాని మీద ఒంటికొమ్ము ఎద్దు, కొమ్ము నిండుగా, కొస వాడిగా ఉంది. పడమటి ముద్ద కొత్తది. దాని మీదా ఒంటికొమ్ము ఎద్దే. కానీ కొమ్ము కొస విరిగి ఉంది.

కేయూరుడు వంగి దాన్ని వేలితో తడిమాడు. ఆ విరిగిన కొమ్ము అతనికి తెలుసు. నాగదత్తుడిని మడుగులో మొసలి పట్టుకున్న రోజున, అతను మొసలి నోట్లో పిడికిలి దూర్చి తమ్ముణ్ణి బయటికి లాగాడు. దాని కోరకు తగిలి ఉంగరం మీద ఎద్దు కొమ్ము విరిగింది. చెయ్యి చీలిపోయి, జ్వరం వచ్చి, ఒళ్ళు తెలియక మంచం పట్టాడు. ఆ జ్వరం తగ్గేదాకా ఉంగరం నాగదత్తుడి దగ్గరే ఉంది. జ్వరం తగ్గి లేచి చూస్తే నది లేదు.

"తమ్ముడూ!" అన్నాడు, వెనక్కి తిరగకుండానే. "నేను నీకోసం మంచంలో మూలుగుతుంటే... నువ్వు ఇక్కడికి వచ్చావా?"

నాగదత్తుడు అప్పటికే తలపాగా మడత విప్పుతున్నాడు. ఉంగరం కాగడా వెలుగులో తళుక్కుమంది. దాన్ని చూసింది ఏటమ్మ. ముందు ఉంగరం, దాని మీది ఎద్దు, ఆ పైన కేయూరుడి మొహం. మట్టి తినే పురుగును చూసినట్టు చూసింది.

"నీదా?"

"నాదే అవ్వా. కానీ..."

"నా సంకటి తింటివి. నా పంచన పండుకుంటివి. ఎద్దోని కొడుకువా నువ్వు!" ఆమె రెండడుగులు వెనక్కి వేసింది. "ఈ నవ్వించేటోడు ఎట్లాంటోడైనా నాకేమి. నువ్వు... నువ్వు ఏడిస్తివి గదరా, ఆ కుండలకాడ!"

కేయూరుడు ఆమె వైపు ఒక అడుగు వేశాడు. అంతలో కంతలోంచి పెద్ద గబ్బిలం ఒకటి రివ్వున దిగి, నేల తాకగానే జడలు కట్టిన మనిషిగా నిలబడింది. గోళ్ళు పొలుసుల్లా, కళ్ళు నిప్పుకణికల్లా ఉన్నాయి. కరాళకుడు! ఒకప్పుడు మేఘావతి పొలిమేరల నుంచి మహారాజు తరిమేసిన మాంత్రికుడు.

"భళా నాగదత్తా! నిన్ను మోసుకొచ్చి ఈ కంతలోంచి దించి పడమటిది మూసేటప్పుడు ఒక్క ముద్ర చాలింది. తెరవడానికి చేపముద్ర కావలసి వచ్చింది. ఈ ముసల్దాన్ని భయపెట్టి లాక్కోలేం, మంచివాడు ఒకడు కావాలి అన్నాను. ఎంత మంచివాణ్ణి తెచ్చావు!"

"నన్ను ఎరగా వేశావా తమ్ముడూ?"

అప్పుడు నాగదత్తుడు నోరు విప్పాడు. ఈసారి నవ్వు లేదు. "నువ్వు తాగిన పాలే నేనూ తాగానన్నా. నీకు సింహాసనం రాసిపెట్టి ఉంది, నాకు నీ చెప్పులు. మొసలి నోట్లోంచి లాగావు, నిజమే. ఆ రోజునుంచి ఊరంతా నన్ను చూసి, యువరాజు దయవల్ల బతికినవాడు అనడమే! ఆ దయ మొయ్యలేక చచ్చాను. నది తెచ్చినవాడిదే సింహాసనం అని మీ నాన్నే అన్నాడుగా."

కేయూరుడు పులిలా దూకాడు. మాంత్రికుడు గుప్పెడు బూడిద ఊదాడు. ఆ బూడిద తాళ్ళయి అతని కాళ్ళను చుట్టేసింది. నాగదత్తుడు నేల మీది మూతబండ లాగి, కళ్ళు పక్కకు తిప్పుకుని, అన్నను తూములోకి తోసేశాడు. శాపనార్థాలు పెడుతున్న ఏటమ్మను మాంత్రికుడు మేకపిల్లను విసిరినట్టు అందులోకే విసిరాడు. బండ దబ్బున మూసుకుంది.

లోపల చిమ్మచీకటి. కేయూరుడు పళ్ళతో కాళ్ళ కట్లు కొరికాడు. అవి నోట్లో బూడిదై రాలాయి.

"అవ్వా, దెబ్బ తగిలిందా?"

ఏటమ్మ ఊపిరి మాత్రం వినిపిస్తోంది.

"అవ్వా, మా వంశం చేసిన పని నాకు ఇవాళే తెలిసింది. పేరు దాచింది మాత్రం నేనే, అది నా తప్పే. ఆ దేశంలో పసిపిల్లలు నాలుకలు చాపుకుని పడున్నారు. వాళ్ళ కోసం వచ్చాను. నన్ను నమ్మొద్దు. వాళ్ళను తలుచుకో."

"మా పసిపిల్లోళ్ళను ఎవురు తలుచుకునిరి?" అంది చీకటిలోంచి ఏటమ్మ.

కేయూరుడు చేతులతో తడిమి బండను పైకి నెట్టాడు, అది కదల్లేదు. పైన బండ సందులోంచి మాటలు దిగుతున్నాయి. మాంత్రికుడు తలుపుల మధ్య ఉన్న మట్టితొట్టిలోని తడిమట్టిని పడమటి తలుపు మీద అద్దుతున్నాడు. నాగదత్తుడు ఉంగరం, మాంత్రికుడు మట్టిచేప పట్టుకుని, "ఇప్పుడు!" అని ఒకేసారి గుద్దారు.

చెవులు చిల్లులు పడేలా మాంత్రికుడి అరుపు! ఏటమ్మ చీకటిలో కిచకిచా నవ్వింది. "మోసపోయినోళ్ళం గదబ్బీ మేము. అసలు ముద్రను మెడలో తగిలించుకుని తిరుగుతామా?" కొప్పులోంచి కదురు తీసి, నల్లబిళ్ళ లాగి, చెంగుతో మసి తుడిచి అతని చేతిలో పెట్టింది. వేలితో తడిమితే పొలుసులతో సహా చేప తగిలింది. వేసవంతా ఆ కదురుతోనే అతని మోకాళ్ళ మీద కొట్టింది!

కేయూరుడు వెంటనే బిళ్ళను ఆమె చేతిలోనే తిరిగి పెట్టాడు. ఆమె దాన్ని పిడికిట బిగించింది.

పైన బండ కదిలింది. నాగదత్తుడు తలకిందులుగా జారిపడ్డాడు. "అన్నా! దొంగముద్ర పెట్టిన చేతిని మట్టి మింగేసింది. మోచేతిదాకా లోపలికి పోయింది. నా చెయ్యి నరికి బదులు పెడితే తనది వస్తుందంటున్నాడు. అన్నా, నన్ను..."

కేయూరుడు వాడి పీక పట్టుకున్నాడు. ఇద్దరు పసివాళ్ళు ఒకే ఒడిలో పడుకున్న రోజులు కళ్ళ ముందు మెదిలాయి. చెయ్యి దానంతటదే సడలింది. వాడి వేలి నుంచి ఉంగరం లాక్కుని, "నా వెనకే ఉండు. ముందుకొస్తే మాత్రం నేను మనిషిని కాను" అన్నాడు.

"ఒంటికొమ్మోడా" అంది ఏటమ్మ. "రెండు ముద్రలూ ఇప్పుడు ఒకచోట ఉండాయి. తెరుద్దాం. ముందు తూర్పుది."

కేయూరుడికి కోట గుమ్మం దగ్గరి బిడ్డ గుర్తొచ్చింది. ఆ వరుస కుండలూ గుర్తొచ్చాయి. ఎంత తాత్సారం చేస్తే అంత పాపం.

"ముందు మీదే అవ్వా. ఆ వెంటనే పడమటిది."

ఆమె "ఊ" అంది.

ముగ్గురూ పైకి దూకారు. కరాళకుడు పడమటి తలుపుకు కుడిచేతితో అతుక్కుపోయి గింజుకుంటున్నాడు. వీళ్ళను చూడగానే ఎడమచేత్తో బూడిద విసిరాడు. అది నిప్పురవ్వలై, రవ్వలు తేళ్ళయి గది నిండా పాకాయి! కేయూరుడు నేల మీది కాగడా అందుకుని చెలరేగాడు. ఒక తేలు అతని మడమను కుట్టింది. మంట తొడదాకా పాకినా ఆగలేదు. ఏటమ్మ నడుముకున్న మేకబొచ్చు తాడును ముడివేసి, పొగరుబోతు పొట్టేలును పట్టినట్టు మాంత్రికుడి ఎడమచేతికి వేసి గుంజింది. బూడిదసంచి జారి నేలపాలైంది. తేళ్ళన్నీ బూడిదైపోయాయి.

"ఇప్పుడే అబ్బీ!"

తూర్పు ముద్ద మీద తడిమట్టి మెత్తారు. ఒక పక్క నల్లరాతి చేప, ఒక పక్క కొమ్ము విరిగిన ఎద్దు. ముడతలు పడ్డ చెయ్యి, పుండు మానిన మచ్చలున్న చెయ్యి పక్కపక్కన ఒకేసారి గుద్దాయి. రాయిలా బిగుసుకున్న పాతమట్టి నెయ్యిలా కరిగి జారిపోయింది. లోపల ఏదో పెద్దగా నిట్టూర్చింది. రాతితలుపు కదిలింది.

వచ్చింది ఏరు! ఎర్రగా, నురగలు కక్కుతూ, కొండను చీల్చుకుని తూర్పు కాలువలోకి దూకింది. వీధిలోకి పొంగి వరుసలోని మొదటి కుండ దగ్గరికి, రెండోదాని దగ్గరికి పాకింది. కుండలు బుడబుడమంటూ నిండాయి. ఏటమ్మ నోట్లోంచి ఏడుపో నవ్వో తెలియని అరుపు వచ్చింది. కాలువ తాగలేని నీరు గదిలోకి ఎదురుతన్ని మోకాళ్ళదాకా వచ్చింది. కరాళకుడు భీకరంగా గర్జించి, తన కుడిచేతిని మోచేతి దగ్గర కొరికి తెంపుకుని, గబ్బిలమై రక్తం చిమ్ముతూ కంతలోంచి ఎగిరిపోయాడు. "మేఘావతిలో కలుస్తాను యువరాజా! మీ నాన్న మంచం దగ్గర!" అన్న కేక మాత్రం మిగిలింది.

"అవ్వా, రా! పడమటిది! నీళ్ళు ముద్ద మీదికి వస్తే మట్టి నిలవదు!" కేయూరుడు మట్టితొట్టి ఎత్తుకుని పడమటి తలుపు దగ్గరికి పరుగెత్తాడు. నీరు నడుముదాకా వచ్చింది. తెగిన చేతి పక్కనే మట్టి మెత్తాడు. ఉంగరం సిద్ధంగా పట్టుకున్నాడు. వెనక్కి చూశాడు.

ఏటమ్మ రాలేదు. గోడవెంట మెట్లు ఎక్కుతోంది. సగం ఎక్కి ఆగింది. చేపబిళ్ళను మళ్ళీ కదురుకు తగిలించి, కదురును కొప్పులో గుచ్చుకుంది.

"అవ్వా!" అని గొంతు చించుకున్నాడు కేయూరుడు. "నువ్వు ఊ అన్నావు! అక్కడ పిల్లలున్నారు అవ్వా!"

ఆమె కిందికి చూసింది. ఆ మొహంలో కోపం లేదు. అదే అతన్ని ఎక్కువ భయపెట్టింది. కళ్ళనిండా నీళ్ళే ఉన్నాయి.

"పైకి రా అబ్బీ. సావొద్దు. నువ్వు మంచోడివే." పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి ఆమె నోటికి రాని మాట ఒకటి గొంతులో పెనుగులాడి, బయటికి వచ్చింది. "మీది... తర్వాత తెరుద్దాం."

మెట్ల పైన ఆమె నీడ ఎండలో కలిసిపోయింది. పక్కన నాగదత్తుడు మెడలోతు నీళ్ళలో తేలుతూ, "అన్నా, చెయ్యి!" అని అరుస్తున్నాడు. కేయూరుడు ఒక చేత్తో వాడి మణికట్టు పట్టుకుని, రెండో చేతిలోని ఉంగరాన్ని పడమటి తలుపు మట్టిలో ఒంటరిగా గుద్దాడు. మళ్ళీ గుద్దాడు. ఎర్రనీళ్ళు వచ్చి ఆ మట్టిని మెల్లగా కడిగేశాయి.